నర్సు ఉద్యోగానికి అప్లై చేశాక ఎవరికి, ఎప్పుడు, ఏమని ఫోన్ చేయాలి

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఓ కార్పొరేట్ ఆసుపత్రిలో వాకిన్ ఇంటర్వ్యూకి వెళ్లిన స్టాఫ్ నర్సుకి చివర్లో వినిపించే మాట దాదాపు ఒకటే: "సరేనమ్మా, ఫోన్ చేస్తాం." వారం గడుస్తుంది, పది రోజులు గడుస్తాయి, ఫోన్ రాదు. మనమే చేస్తే ఏమనుకుంటారోనని కొందరు అక్కడే ఆగిపోతారు. ఇంకొందరు ఉండబట్టలేక రోజుకు రెండుసార్లు చేస్తారు. ఇద్దరూ నష్టపోతారు. అడిగినందుకు ఎవరూ విసుక్కోరు. రౌండ్స్‌లో ఉన్న మనిషికి ఫోన్ చేసి, పేరు కూడా సరిగ్గా చెప్పకుండా "నా సంగతి ఏమైంది మేడం" అంటేనే విసుక్కుంటారు.

ముందు లోపల పని ఎలా నడుస్తుందో తెలియాలి. మీ రెజ్యూమె హెచ్‌ఆర్ దగ్గర ఉంటుంది. మిమ్మల్ని తీసుకోవాలా వద్దా అన్నది మాత్రం నర్సింగ్ సూపరింటెండెంట్ చెప్తారు (పెద్ద ఆసుపత్రుల్లో చీఫ్ నర్సింగ్ ఆఫీసర్ అంటారు). ఏ వార్డులో ఎవరు మానేస్తున్నారో, ఐసీయూలో ఎన్ని చేతులు తక్కువయ్యాయో ఆవిడకే తెలుసు. సర్టిఫికెట్లు చూడటం, జీతం మాట్లాడటం, ఆఫర్ లెటర్ ఇవ్వడం హెచ్‌ఆర్ పని.

ఆలస్యానికి మామూలు కారణం కూడా ఇక్కడే ఉంది. చాలా ఖాళీలు ఎవరో రాజీనామా చేస్తే వచ్చేవి. ఆ సిస్టర్ నెల రోజుల నోటీసులో ఉంటుంది. ఆమె రిలీవ్ అయ్యేదాకా మీకు చోటు లేదు. ఒక్కోసారి ఆమె మనసు మార్చుకుని ఉండిపోతుంది కూడా. పైగా చాలాచోట్ల కొత్తవాళ్లందరికీ కలిపి ఇండక్షన్ (చేరగానే ఇచ్చే శిక్షణ) పెడతారు కాబట్టి నెలలో ఒకటి రెండు తేదీల్లోనే చేర్చుకుంటారు. మూడు వారాలు మౌనంగా ఉన్నారంటే వద్దనుకున్నారని అర్థం కాదు.

ఇక వేళ సంగతి. ఇదే అన్నిటికన్నా ముఖ్యమని నా అభిప్రాయం. మూడు షిఫ్టుల ఆసుపత్రిలో ఉదయం 8కి, మధ్యాహ్నం 2కి, రాత్రి 8కి హ్యాండోవర్, అంటే ఒక షిఫ్టు వాళ్లు తర్వాతి షిఫ్టుకి రోగుల్ని అప్పగించే వేళ. పొద్దున సూపరింటెండెంట్ రాగానే నైట్ రిపోర్టు వినాలి, ఎవరు చెప్పకుండా డ్యూటీకి రాలేదో చూడాలి, ఒక వార్డు నుంచి ఇంకో వార్డుకి మనుషుల్ని సర్దాలి. ఆ తర్వాత రౌండ్స్. పదకొండు దాకా ఆవిడ ఫోన్ ఎత్తినా మనసు మీ మాట మీద ఉండదు. పదకొండున్నర నుంచి ఒంటిగంట లోపు, లేదంటే మూడు నుంచి నాలుగున్నర మధ్య చేయండి. మంగళ, బుధ, గురువారాలు మంచివి. సోమవారం హెచ్‌ఆర్‌లో రద్దీ. నెలాఖరు 25 నుంచి మళ్లీ 5వ తేదీ దాకా హెచ్‌ఆర్ వాళ్లు హాజరు లెక్కలు, జీతాల పనిలో తలమునకలై ఉంటారు. అప్పుడు చేస్తే "తర్వాత చెప్తాం" అన్న జవాబే వస్తుంది. ఎన్‌ఏబీహెచ్ (ఆసుపత్రులకు నాణ్యత గుర్తింపు ఇచ్చే సంస్థ) తనిఖీ జరుగుతోందని తెలిస్తే ఆ వారం వదిలేయండి.

ఎన్ని రోజులకు అడగాలి? ఇంటర్వ్యూ అయిన మర్నాడు, వాళ్లు అడిగిన కాగితం ఏదైనా మిగిలి ఉంటే దాన్ని పంపడానికి తప్ప మెసేజ్ అక్కర్లేదు. ఫలానా రోజు చెప్తామన్నారా, ఆ రోజు దాటాక రెండు పనిదినాలు ఆగండి. ఏమీ చెప్పకపోతే ఏడో రోజున ఒక మెయిల్ గానీ వాట్సాప్ మెసేజ్ గానీ పెట్టండి, రెండూ ఒకేసారి వద్దు. జవాబు రాకపోతే మరో మూడు నాలుగు పనిదినాలు చూసి ఒక ఫోన్. ఆ తర్వాత పది రోజులకు ఇంకొకసారి. ఇంటర్వ్యూ లేకుండా వెబ్‌సైట్‌లో రెజ్యూమె పెట్టి వదిలేసిన వాళ్లకు ఈ లెక్క పనికిరాదు. ఆ రెజ్యూమె ఎవరూ తెరిచి ఉండకపోవచ్చు. పది రోజులు చూసి, హెచ్‌ఆర్ పనివేళల్లో ఒక కాపీతో స్వయంగా వెళ్లి, నర్సింగ్ ఆఫీసులో ఎవరికి ఇవ్వాలో కనుక్కుని ఇచ్చి రావడం నయం.

మెసేజ్‌లో ఏం రాయాలో చూడండి. హెచ్‌ఆర్ ముందు ఒకే వారంలో పదుల కొద్దీ రెజ్యూమెలు ఉంటాయి. "హాయ్ మేడం" అని పంపి జవాబు కోసం చూస్తూ కూర్చుంటే మీరెవరో వాళ్లు వెతుక్కోవాలి. వెతకరు. అన్నీ ఒకే మెసేజ్‌లో ఉండాలి:

"నమస్తే మేడం. నా పేరు ఫలానా, బీఎస్సీ నర్సింగ్, ఐసీయూలో రెండేళ్ల అనుభవం. 12వ తేదీ మంగళవారం మీ దగ్గర ఐసీయూ స్టాఫ్ నర్సు ఇంటర్వ్యూకి వచ్చాను. అప్పుడు మీరు అడిగిన బీఎల్‌ఎస్ సర్టిఫికెట్ రెన్యువల్ అయింది, దీనితో పంపుతున్నాను. నా నోటీసు 30 రోజులు. ఇంకేవైనా కాగితాలు కావాలంటే చెప్పండి మేడం."

ఇంగ్లీషులో రాసినా వరస ఇదే. ఇందులో "నా ఉద్యోగం ఏమైంది" అన్న ప్రశ్న ఎక్కడా లేదు, అయినా అడిగినట్టే ఉంది. ప్రతిసారీ ఇలా వాళ్లకు పనికొచ్చే కొత్త సంగతి ఒకటి పట్టుకెళ్తే ఎన్నిసార్లు పలకరించినా బరువనిపించదు. బీఎల్‌ఎస్ (గుండె, ఊపిరి ఆగినప్పుడు ప్రాణం నిలిపే శిక్షణ) సర్టిఫికెట్ గడువు రెండేళ్లే కాబట్టి చాలామందికి ఇంటర్వ్యూ నాటికి అది అయిపోయి ఉంటుంది. చేయించుకుంటే చెప్పడానికి ఒక మాట దొరుకుతుంది. రిజైన్ చేసి రిలీవింగ్ తేదీ ఖాయమైందంటే అది ఇంకా పెద్ద కబురు, ఎప్పుడు చేరగలరో వాళ్లకు తేలిపోతుంది.

రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ దగ్గర చాలామంది ఫైలు ఆగిపోతుంది, ఆ సంగతి వాళ్లకెవరూ చెప్పరు. రిజిస్ట్రేషన్ సరిచూడకుండా నర్సును డ్యూటీలో పెడితే ఎన్‌ఏబీహెచ్ ఉన్న ఆసుపత్రికి తనిఖీలో ఇబ్బంది. ఆంధ్రప్రదేశ్ కౌన్సిల్‌లో రిజిస్టరై హైదరాబాద్‌లో అప్లై చేస్తే తెలంగాణ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ అడుగుతారు. అందుకు పాత కౌన్సిల్ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెచ్చుకోవాలి. అది చేతికి రాకపోయినా, దరఖాస్తు పెట్టిన రసీదును ఫలానా తేదీన పెట్టానంటూ పంపండి. రెన్యువల్ గడువు దాటిందేమో మీ సర్టిఫికెట్ తీసి ఇప్పుడే చూసుకోండి. ఇప్పుడే చదువు ముగించిన జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) వాళ్లయితే మెమోలు, రిజిస్ట్రేషన్ ఏ దశలో ఉన్నాయో ముందే చెప్పడం మంచిది.

కాగితాలు పదకొండు ఫొటోలుగా వాట్సాప్‌లో పంపొద్దు. రెజ్యూమె, డిగ్రీ లేదా డిప్లొమా, మార్కుల మెమోలు, కౌన్సిల్ రిజిస్ట్రేషన్, అనుభవ పత్రం, రిలీవింగ్ లెటర్, ఇదే వరసలో ఒకే పీడీఎఫ్ చేయండి. ఫైలు పేరులో మీ పేరు, కోర్సు, వార్డు ఉండాలి. "స్కాన్ 0034" అని పంపితే అది వాళ్ల ఫోన్‌లో పోయినట్టే. ఒరిజినల్స్ చూపించి వెంటనే వెనక్కి తీసుకోండి. బాండు (ఇంతకాలం పనిచేస్తామనే ఒప్పందం) పేరు చెప్పి ఒరిజినల్స్ దగ్గర పెట్టుకుంటామంటే ఇవ్వొద్దని గట్టిగా చెప్తాను. తర్వాత మానేయాలన్నా ఇంకోచోట చేరాలన్నా చేతులు కట్టేసినట్టవుతుంది.

ఫోన్‌లో మొదటి మాట "రెండు నిమిషాలు మాట్లాడొచ్చా మేడం?" అయ్యుండాలి. కుదరదంటే ఎప్పుడు చేయమంటారో అడిగి పెట్టేయండి. కుదిరితే పేరు, ఇంటర్వ్యూ తేదీ, వార్డు చెప్పి ఈ రెండే అడగండి: "నా ఫైలులో ఏమైనా తక్కువైందా మేడం? మళ్లీ ఏ తేదీ తర్వాత కనుక్కోమంటారు?" రెండో ప్రశ్నకు వాళ్లు తేదీ చెప్తే తర్వాతి ఫోన్‌కి అనుమతి దొరికినట్టే. "మీరే 20 తర్వాత చేయమన్నారు మేడం" అని మొదలుపెట్టొచ్చు.

జవాబులకు అర్థాలు వేరు. "అప్రూవల్ రావాలి" అంటే మీ పేరు పైకి వెళ్లింది, పది రోజులు ఆగండి. "హోల్డ్‌లో ఉంది" అంటే మీకన్నా ముందు ఇంకొకరికి ఆఫర్ ఇచ్చి ఉండొచ్చు. ఆమె చేరకపోతే మీ వంతు, కాబట్టి సంబంధం తెంచుకోకండి. "ప్రస్తుతానికి రిక్వైర్‌మెంట్ లేదు" అంటే ఈసారికి అయిపోయింది. అప్పుడు మరో డిపార్ట్‌మెంట్ మాట ఎత్తండి: డయాలసిస్‌లో గానీ ఎన్‌ఐసీయూలో (పుట్టిన పిల్లల ఐసీయూ) గానీ చేయగలనని, అది నిజమైతేనే.

వార్డు కౌంటర్ ల్యాండ్‌లైన్‌కి ఫోన్ చేయకూడదు. ల్యాబ్ నుంచి క్రిటికల్ రిపోర్టులు చెప్పేది ఆ లైన్‌లోనే. మీ బదులు నాన్నగారో అన్నయ్యో ఫోన్ చేయడం కూడా వద్దు. ప్రేమతోనే చేస్తారు గానీ, రాత్రి రెండింటికి డాక్టర్‌ని నిద్రలేపి రోగి సంగతి చెప్పాల్సిన మనిషి తన మాట తను మాట్లాడలేదా అని సూపరింటెండెంట్ ఆలోచిస్తారు. అక్కడే పనిచేసే స్నేహితురాలు ఉంటే ఖాళీ నిజంగా ఉందో లేదో ఆమెను అడగండి, అంతవరకే. ఆమె చేత రోజూ గుర్తుచేయిస్తే ఆమెకే మాట వస్తుంది.

ప్రభుత్వ ఉద్యోగాల దారి వేరు, అక్కడ ఎవరికి ఫోన్ చేసినా లాభం లేదు. 2024లో తెలంగాణ మెడికల్ అండ్ హెల్త్ సర్వీసెస్ రిక్రూట్‌మెంట్ బోర్డు 2,050 నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చినప్పుడు పరీక్షకు 80 మార్కులు, ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ సేవకు 20 మార్కులు పెట్టింది. అలాంటిచోట కనుక్కోవడమంటే వెబ్‌సైట్ చూస్తూ ఉండటం, ప్రాథమిక కీ మీద అభ్యంతరాలు గడువులోపు పెట్టడం, సర్వీస్ సర్టిఫికెట్ వాళ్లడిగిన నమూనాలోనే తెచ్చుకోవడం. "లిస్టులో పేరు చూస్తాను, ఇంత ఇవ్వండి" అనేవాడి ఫోన్ ఎత్తొద్దు. గల్ఫ్‌కి పంపిస్తామనే ఏజెంటు అయితే అతని లైసెన్స్ కేంద్ర విదేశాంగ శాఖ ఈమైగ్రేట్ పోర్టల్‌లో ఉందో లేదో ముందు చూడండి. చట్టప్రకారం అతను తీసుకోగలిగిన సర్వీస్ ఛార్జీ 30,000 రూపాయలు, దానిపైన జీఎస్‌టీ.

ప్రైవేటులో ఒక మెసేజ్, రెండు ఫోన్లు అయ్యాక కూడా జవాబు లేకపోతే ఆపేయండి. రెండు నెలల తర్వాత, కొత్త అనుభవమో సర్టిఫికెటో ఉంటే, కొత్తగా అప్లై చేసినట్టే మళ్లీ పంపొచ్చు. ఈలోపు వేరేచోట చేరితే మొదటి ఆసుపత్రికి ఆ సంగతి ఒక్క లైనులో చెప్పి, తీసుకున్న సమయానికి థాంక్స్ చెప్పండి. మీ నంబర్ అక్కడి ఫోన్‌లో మీ పేరుతో, వార్డుతో సేవ్ అయ్యే ఉంటుంది.