యాభై డాలర్ల నోటు, అమ్మమ్మ హాస్టల్ గది

డిసెంబరు సెలవులకు విశాఖ వెళ్లినప్పుడు మా అమ్మాయి తన చిన్న పర్సులో ఒక పసుపుపచ్చ నోటు భద్రంగా దాచి తెచ్చుకుంది. ఆస్ట్రేలియా యాభై డాలర్ల నోటు. ఎంవీపీ కాలనీలో మా అమ్మ వాళ్లింట్లో భోజనాలయ్యాక దాన్ని మంచం మీద పరిచి, "అమ్మమ్మా, ఈవిడ ఈడిత్ కోవన్. 1921లో ఆస్ట్రేలియాలో చట్టసభకి గెలిచిన మొదటి లేడీ. నేను ప్రాజెక్ట్ చేశాను" అని గడగడా చెప్పింది. తర్వాత అడిగింది, "మనవాళ్లలో ఎవరున్నారు?" అని.

సిడ్నీలో పుట్టి తొమ్మిదేళ్లుగా అక్కడే పెరుగుతున్న పిల్ల నోట "మనవాళ్లు" అన్న మాట విని పొంగిపోయాను. జవాబు మాత్రం నా దగ్గర లేదు. పద్యాలు నేర్పాను, ముగ్గు నేర్పాను, గోంగూర తినడం అలవాటు చేశాను. ఈ ఊళ్లో, ఈ చుట్టుపక్కల జిల్లాల్లో ఎలాంటి ఆడవాళ్లు నడిచారో ఒక్కసారి కూడా చెప్పలేదు. దానికి నేను నిజంగా బాధపడ్డాను.

జవాబు అమ్మ చెప్పింది. దుర్గాబాయి దేశ్‌ముఖ్ కథ. 1909లో రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదేళ్లకే పెళ్లి చేస్తే, ఊహ తెలిశాక ఆ కాపురానికి వెళ్లనని చెప్పేశారు. 1923 కాకినాడ కాంగ్రెస్ సభల్లో ఎగ్జిబిషన్ గేటు దగ్గర వాలంటీరుగా నిలబడి, టికెట్ లేదని నెహ్రూనే ఆపేశారు. టికెట్ కొన్నాకే లోపలికి వదిలారట. పిల్ల ఇక్కడ చప్పట్లు కొట్టింది. రాజ్యాంగ సభలో ఉన్న పదిహేను మంది మహిళల్లో ఆవిడ ఒకరన్నది విని తలూపి ఊరుకుంది.

ఆ తర్వాత అమ్మ చెప్పింది నాకూ కొత్తే. దుర్గాబాయి బీఏ ఆనర్స్ చదవడానికి ఇక్కడికే, విశాఖ వాల్తేరులో ఉన్న ఆంధ్రా యూనివర్సిటీకి వస్తే, ఆడపిల్లలకు హాస్టల్ లేదు, చేర్చుకోవడం కష్టమన్నారట. ఆవిడ వెనక్కి తిరిగి పోలేదు. పేపర్లో ప్రకటన వేయించి, చదువుకోవాలని ఉండీ ఉండడానికి చోటు లేక ఆగిపోయిన అమ్మాయిల్ని కూడగట్టి, హాస్టల్‌కి దారి చేశారు. 1939లో పట్టా తీసుకున్నారు.

"నేను తుని నుంచి వచ్చి ఎమ్మే చేసింది లేడీస్ హాస్టల్‌లో ఉండే కదా. హాస్టల్ లేకపోతే మీ తాతయ్య నన్ను రైలెక్కించేవారే కాదు" అంది అమ్మ నాతో. నలభై ఏళ్లుగా నేను ఆవిడ కూతుర్ని. ఈ ముక్క ఎప్పుడూ అడగలేదు.

మర్నాడు వెయిట్‌లిఫ్టర్ కరణం మల్లేశ్వరి సంగతి నేనే ఎత్తుకున్నాను. మాకు ఆవిడ మరీ దగ్గరి మనిషి. ఊరేమో ఇక్కడికి రెండు మూడు గంటల ప్రయాణంలో ఉన్న ఆమదాలవలస. పతకం గెలిచిందేమో మా సిడ్నీలో, 2000 సెప్టెంబరులో, మేము ఆదివారాలు షికారుకి వెళ్లే డార్లింగ్ హార్బర్‌లో. స్నాచ్‌లో, అంటే ఒకే ఊపులో తల మీదికి ఎత్తడంలో, 110 కిలోలు. క్లీన్ అండ్ జెర్క్‌లో, అంటే ముందు భుజాల దాకా, తర్వాత తల మీదికి ఎత్తడంలో, 130. మొత్తం 240. ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ. స్వర్ణం గెలిచినామె ఎత్తింది ఇంకో రెండున్నర కిలోలే ఎక్కువ.

130 అంటే ఎంతో పిల్లకి అందలేదు. వంటింట్లో గోడకి ఆనించి ఇరవై అయిదు కిలోల బియ్యం బస్తా ఉంది. వెళ్లి రెండు చెవులూ పట్టుకుని లాగింది. మూల కొద్దిగా నలిగింది, బస్తా మాత్రం కదల్లేదు. ఎర్రబడ్డ అరచేతులు చూసుకుంటూ, "ఇలాంటివి అయిదు, ఇంకా కొంచెం... తల మీదికా?" అంది. ఇంకేం అడగలేదు. చాలాసేపు ఆ బస్తా పక్కనే కూర్చుంది.

సాయంత్రం ముగ్గురం ఆటోలో ఏయూ ఔట్ గేట్ దగ్గర దిగాం. అమ్మ మోకాళ్ల నొప్పితో మెల్లగా నడుస్తూ, అప్పట్లో స్టేషన్ పేరు వాల్తేరని, ట్రంకు పెట్టెతో దిగి రిక్షా మాట్లాడుకున్నానని, గదిలో నలుగురం ఉండేవాళ్లమని చెబుతూనే ఉంది. పిల్ల అమ్మమ్మ చెయ్యి వదల్లేదు. "ఆ నలుగురి పేర్లూ చెప్పు, రాసుకుంటాను" అంది. మురీ మిక్చర్ పొట్లం నా చేతికిచ్చి నోట్‌బుక్ తీసింది. తెలుగులోనే రాసింది, ఒత్తులు తప్పుగా పెట్టి. నేను దిద్దలేదు.

ఇప్పుడు ప్రతి ఆదివారం వీడియో కాల్‌లో హాస్టల్ కబుర్లే. నలుగురిలో ఇద్దరి ఫోన్ నంబర్లు అమ్మకి దొరికాయి. మూడో ఆవిడ కోసం తునిలో ఎవరినో వాకబు చేస్తోంది. "దొరికారా అమ్మమ్మా?" అన్నది మా ఇంట్లో ఫోన్ కలవగానే వినిపించే మొదటి మాట.