అన్నీ ఒకటే అన్నాక ఏం మాట్లాడాలి?

విశాఖలో యేసు గురించి మాట్లాడితే కోప్పడేవాళ్లు నాకు పెద్దగా ఎదురవలేదు. ఎదురయ్యేదంతా ఒప్పేసుకునేవాళ్లే. "అవునండీ, ఆయనా దేవుడే కదా, అన్నీ ఒకటేనండీ" అని నవ్వి, చేతిలో టీ గ్లాసు పెట్టి, మాట మార్చేస్తారు. వాదనకి దిగినవాడితో తెల్లారేదాకా మాట్లాడొచ్చు. ముందే ఒప్పేసుకున్నవాడితో ఏం మాట్లాడతాం?

మా ఊరే అలాంటిది. వన్‌టౌన్ దాటి హార్బర్ వైపు వెళ్తే పక్కపక్కనే మూడు కొండలు. ఒకదాని మీద వెంకన్న గుడి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద మేరీమాత గుడి. డిసెంబరులో మేరీమాత పండగకి కొవ్వొత్తులు పట్టుకుని రాస్ హిల్ ఎక్కేవాళ్లలో బొట్టు పెట్టుకున్న ఆడవాళ్లు బోలెడుమంది. మార్గశిర గురువారం బురుజుపేట కనకమహాలక్ష్మి గుడి దగ్గర క్యూలోనూ వాళ్లే కనిపిస్తారు. కష్టంలో ఉన్న తల్లి ఎన్ని మెట్లయినా ఎక్కుతుంది. ఆమెని ఆపి సిద్ధాంతం చెప్పాలని నాకెప్పుడూ అనిపించలేదు.

వెతికేవాడి సంగతి వేరు. వాడికి పని జరిగితే చాలదు, అర్థం కావాలి.

స్టీల్ ప్లాంట్‌లో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ నా ఉద్యోగం. పాస్టరుని కాదు, గాజువాకలో మా సంఘంలో వెనక బెంచీ మనిషిని. మా సెక్షన్‌లో ఒక కుర్రాడున్నాడు, నన్ను అన్నా అంటాడు. ఆషాఢ పౌర్ణమి ముందురోజు కొండ కింద మొదటి మెట్టు, తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, సింహాచలం గిరి ప్రదక్షిణ ముప్పై రెండు కిలోమీటర్లూ చెప్పుల్లేకుండా నడుస్తాడు. బీచ్ రోడ్డులో రామకృష్ణ మఠానికి వెళ్తాడు. పది రోజులు నోరు విప్పకుండా విపశ్యన ధ్యానం కూడా చేసొచ్చాడు. "అన్నా, మీ యేసు నాకు ఇష్టమే. మఠంలో క్రిస్మస్ ముందు రాత్రి ఆయనకీ పూజ చేస్తారు తెలుసా" అన్నాడు ఒకసారి. తెలుసు. ఆయన పక్కనే ఇంకో పదిమంది ఉండటం వాడికి సమస్య కాదు, నాకు సమస్య. కానీ సి షిఫ్టులో, బ్రేక్‌డౌన్ లేని రాత్రి, మొదటి మాటే అదైతే రెండో మాట ఉండదు.

వాడిని తొలిచేది వేరే ఉంది. వాళ్లమ్మకి పక్షవాతం. ఎవరో పెద్దాయన ఇంటికొచ్చి, పూర్వజన్మ కర్మ, అనుభవించాల్సిందే అని చెప్పి కాఫీ తాగి వెళ్లాడట. "మా అమ్మ ఏం చేసిందన్నా?" అన్నాడు. యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయం ఫోన్‌లో తీసి చేతికిచ్చాను. పుట్టుగుడ్డివాడిని చూసి శిష్యులు అడిగే ప్రశ్న అచ్చంగా ఇదే: పాపం చేసింది వీడా, వీడి తల్లిదండ్రులా? యేసు రెండూ కాదంటాడు. దేవుని పని వీడిలో కనబడాలి అంటాడు. వాడు రెండుసార్లు చదివాడు.

"మరి ఎవరి వల్ల వచ్చిందో చెప్పలేదేంటి?"

"చెప్పలేదు."

"అంటే కారణం లేదనా?"

నాకు తెలీదన్నాను. ఆ రాత్రి మాత్రం వాడి నోట అన్నీ ఒకటే అన్న మాట రాలేదు. ఇక్కడ ఒకటి చెప్పాలి, మావాళ్లకి కోపం వచ్చినా సరే. ఆ కాఫీ పెద్దాయన లాంటివాళ్లు మాలోనూ ఉన్నారు. విశ్వాసం చాలక స్వస్థత రాలేదని మంచంమీద మనిషి మొహం మీదే అంటారు. ఆసుపత్రి వార్డుల్లో, లేచి వెళ్లిపోలేని రోగి చేతిలో కరపత్రం పెడతారు. నాకది అస్సలు నచ్చదు. వినాలా వద్దా అన్నది ఎదుటి మనిషి తేల్చుకోవాలి, అందుకు వాళ్లకి కనీసం కాళ్లయినా ఆడాలి.

అందరూ వేసే ప్రశ్న వాడూ వేశాడు: ఇది తెల్లవాళ్ల మతం కదా? తెల్లవాళ్లు వచ్చారు, నిజమే. 1805లో లండన్ మిషనరీ సొసైటీ నుంచి జార్జ్ క్రాన్, అగస్టస్ డీగ్రాంజెస్ అని ఇద్దరు ఈ విశాఖపట్నంలోనే దిగారు. తెలుగు నేర్చుకుని సువార్తలు తర్జుమా మొదలుపెట్టారు. ఆ పని నడిచింది మాత్రం ఆనందరాయర్ చేరాకనే. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, దారి వెతుక్కుంటూ క్రీస్తు దగ్గర ఆగినవాడు ఆయన. క్రాన్ 1809లో, డీగ్రాంజెస్ 1810లో చనిపోయారు. అచ్చయిన పుస్తకాన్ని ఇద్దరూ చూడలేదు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో సేరంపూర్‌లో అచ్చయ్యాయి. తెలుగులో అచ్చయిన ఆ సువార్తల తర్జుమా పుట్టింది మన ఊళ్లో, ఒక వెతికేవాడి సాయంతో అని చెప్తే మావాడు కుర్చీ ముందుకి లాక్కున్నాడు. పురుషోత్తమ చౌదరి సంగతీ చెప్పాను. పర్లాకిమిడి వైపు బ్రాహ్మణుడు. ఆయన రాసిన కీర్తనలు మేం ఇప్పటికీ రాగం, తాళం పెట్టి పాడుతున్నాం. ఒకటి పాడమన్నాడు. నా గొంతు విన్నాక మళ్లీ అడగలేదు.

ఇంకో కుర్రాడి సంగతి. కాంట్రాక్ట్ లేబర్, ఎస్సీ. కొన్నాళ్లుగా మా సంఘానికి వస్తూ, బాప్తిస్మం తీసుకుంటానన్నాడు. కూర్చోబెట్టి ముందు కాగితాల సంగతి చెప్పాను. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువుకే ఎస్సీ హోదా. 1956లో సిక్కులని, 1990లో బౌద్ధులని కలిపారు, మనల్ని కలపలేదు. మన రాష్ట్రంలో క్రైస్తవం తీసుకున్న ఎస్సీలు బీసీ-సి కిందకి వస్తారు, రిజర్వేషన్ ఒక్క శాతం. పిల్లల చదువు, ఉద్యోగం అన్నీ దీని మీదే ఆధారపడతాయి, ఇంట్లో మాట్లాడుకో అన్నాను. సంఘంలో ఒక పెద్దాయన నా మీద లేచారు: "వస్తున్నవాణ్ని భయపెడతావేంటయ్యా!" మార్కు సువార్తలో ధనవంతుడు మొహం చిన్నబుచ్చుకుని వెళ్లిపోతుంటే యేసు వెంటపడి ధర తగ్గించలేదు కదండీ అన్నాను. పెద్దాయన ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడరు. ఆ కుర్రాడు ఇంకా ఆలోచిస్తున్నాడు, ఆదివారాలు మాత్రం మానలేదు.

మత ప్రచారం చేసుకునే హక్కు రాజ్యాంగం 25వ అధికరణంలో ఉంది. మతం మార్చడం అందులో భాగం కాదని 1977లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు మీద మా పాస్టర్లకి చాలా బాధ ఉంది. నాకు అంత లేదు. మనిషిని మార్చడం నా వల్ల అయ్యే పని అని నేనెప్పుడూ అనుకోలేదు.

పద్ధతి ఏంటని అడిగేవాళ్లకి స్టాన్లీ జోన్స్ పేరు చెప్తాను. మన దేశంలో పనిచేసిన అమెరికన్ మెథడిస్ట్ మిషనరీ. 1920లలో ఆయన అన్ని మతాలవాళ్లనీ ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టి, వాదనలొద్దు, మీ మతం మీ బతుకులో ఏం చేసిందో అది చెప్పండి అనేవాడు. మా ఇంట్లో అప్పుడప్పుడూ అలాగే కూర్చుంటాం. మావాడు విపశ్యన గురించి చెప్తే నేను నోరు మూసుకుని వింటాను. కష్టమే. మధ్యలో దూరి సరిచేయాలని నాలుక దురదగా ఉంటుంది. నా వంతు వచ్చినప్పుడు నా తాగుడు ఎలా పోయిందో చెప్తాను. అక్కడ ఎవరూ అన్నీ ఒకటే అనరు, ఎందుకంటే ఎవరి కథా ఇంకొకరి కథలా లేదు.

వాడిప్పుడు లూకా చదువుతున్నాడు. పదిహేనో అధ్యాయం దగ్గర ఆగిపోయాడు. ఆస్తి తగలేసి వచ్చిన చిన్నకొడుక్కి తండ్రి విందు చేస్తాడు, పొలంలో పనిచేసి వచ్చిన పెద్దకొడుకు అలిగి బయటే నిలబడతాడు. "పెద్దోడు అడిగిందాంట్లో తప్పేముందన్నా?" అని మొన్న క్యాంటీన్‌లో గట్టిగానే అడిగాడు. వాడి ఇంట్లో పెద్దకొడుకు వాడే. అమ్మకి స్నానం, మందులు, డైపర్లు అన్నీ వాడూ, వాడి భార్యా. తమ్ముడు హైదరాబాద్‌లో ఉంటాడు, అప్పుచేసి పోగొట్టిన డబ్బులో సగం వీడే కట్టాడు.

తప్పేం లేదన్నాను. చివరికి లోపలికి వెళ్లాడా లేదా అని అడిగాడు. లూకా రాయలేదన్నాను.

"కారణం చెప్పరు, చివరా చెప్పరు. ఏం పుస్తకం అన్నా ఇది!"

కోపంగానే అన్నాడు. తమ్ముడు సంక్రాంతికి వస్తున్నాడట.