కారణంతో సహా మూడు వాక్యాలు

పోటీ పరీక్షలకు చదువుతున్న మిత్రులకు నమస్కారం. ఏ పుస్తకాలు చదవాలో, ఎన్ని మాక్ టెస్టులు రాయాలో చెప్పేవారు చాలామంది ఉన్నారు కనుక, మొదటి ప్రయత్నానికీ రెండో ప్రయత్నానికీ మధ్య నన్ను నిలబెట్టిన ఒక చిన్న అలవాటు గురించి మాత్రమే రాస్తున్నాను: రాత్రిపూట ఆ రోజు జరిగిన మూడు మంచి సంగతులను కారణంతో సహా రాసుకోవడం.

మొదటిసారి కటాఫ్‌కు కొద్ది మార్కుల దూరంలో ఆగిపోయాను. ఆ తర్వాత కొన్ని నెలల పాటు, వంద ప్రశ్నల్లో డెబ్బై సరిగ్గా చేసిన రోజున కూడా, తప్పయిన ముప్పై ప్రశ్నలే నిద్రపట్టే దాకా తలలో తిరిగేవి. ఇది నా ఒక్కరి బలహీనత అనుకుని బాధపడేదాన్ని. మంచి కంటే చెడే మనసు మీద బలంగా ముద్ర వేస్తుందని మనస్తత్వవేత్త రాయ్ బామైస్టర్, ఆయన సహచరులు 2001లో ఒక సమీక్షా వ్యాసంలో వివరించారని చదివాక, అందరి మనసూ ఇంతేనని తెలిసి కొంత ఊరట కలిగింది.

ఆ వెతుకులాటలోనే మనస్తత్వవేత్త మార్టిన్ సెలిగ్‌మన్ బృందం 2005లో ప్రచురించిన ప్రయోగం కంటబడింది. అందులో పాల్గొన్నవారు ఒక వారం పాటు ప్రతి రాత్రీ, ఆ రోజు బాగా జరిగిన మూడు విషయాలను, అవి ఎందుకు జరిగాయో కారణంతో సహా రాశారు. వారిలో సంతోషం పెరగడం, కుంగుబాటు లక్షణాలు తగ్గడం ఆరు నెలల తర్వాత కూడా కనిపించాయి. నేను కూడా ఒక పాత నోటుపుస్తకం తీసుకుని మొదలుపెట్టాను.

మొదటి వారం రాసినవి ఇప్పుడు చూస్తే ఎవరైనా రాయగలిగినవే: ఆరోగ్యంగా ఉన్నాను, ఇంట్లోవాళ్లు తోడున్నారు. అవి నిజమే అయినా, రాస్తున్నప్పుడు మనసు కదలలేదు. రెండో వారం నుంచి ఆ రోజుకు మాత్రమే చెందిన సంగతులు రాయాలని నియమం పెట్టుకున్నాను. రీడింగ్ రూములో పక్కన కూర్చునే అమ్మాయి నేను వచ్చేలోపు నా కుర్చీలో తన పుస్తకం పెట్టి చోటు ఆపింది. కారణం, ముందురోజు ఆమెకు ఒక లెక్క విడమరచి చెప్పాను. మూడుసార్లు మరిచిపోయిన సూత్రం పుస్తకం తెరవకుండానే గుర్తొచ్చింది. కారణం, ఆదివారం రివిజన్ మానలేదు.

సూత్రం గురించి రాసిన ఈ సంగతి దగ్గరే నాకు అసలు విషయం అర్థమైంది. లక్ష్యం, దానికి దారులు, ఆ దారిలో నడవగలనన్న నమ్మకం కలిస్తేనే ఆశ అని చార్ల్స్ స్నైడర్ అనే మనస్తత్వవేత్త వివరించారు. సూత్రం గుర్తొచ్చినందుకు సంతోషించి ఊరుకుంటే అది ఆ పూటతో పోయేది. కారణం కూడా రాయడంతో, మరుసటి ఆదివారం ఏం చేయాలో దానంతటదే తెలిసిపోయింది.

ఒక మాట మాత్రం తప్పక చెప్పాలి. చేసిన తప్పులు రాసుకునే వేరే నోటుపుస్తకాన్ని నేను మానలేదు, దానిలో దీన్ని కలపనూ లేదు. ఫలితం చేదుగా వచ్చిన రోజున మూడు మంచి సంగతులు వెతకమని మనసును బలవంతపెట్టకండి; ఆ రోజు ఏడవడమే సరైన పని. రోజూ రాయడం మొక్కుబడిగా మారిందనిపించినప్పుడు నేను వారానికొకసారికి తగ్గించాను, దానివల్ల నష్టమేమీ కలగలేదు.

రెండో ప్రయత్నం పరీక్ష రోజు రాత్రి, ఫలితం ఎలా ఉంటుందో తెలియని స్థితిలో, ఆ పుస్తకంలో ఒక్కటే రాశాను. పరీక్ష ముగిసేదాకా నాన్న గేటు బయటే నిలబడి ఉన్నారు. నేను రాగానే ఎలా రాశావని అడగకుండా, నా చేతిలోని సంచి అందుకుని పక్కన నడిచారు. కారణం రాయవలసిన చోట కలం పట్టుకుని చాలాసేపు కూర్చుని, ఆ గీతను ఖాళీగానే వదిలేశాను.