పేస్‌మేకర్‌తో ప్రయాణం: భయం ఒకచోట, జాగ్రత్త మరొకచోట

మా రాజమండ్రిలో పేస్‌మేకర్ అనే మాట డాక్టరు గదిలో తప్ప పెద్దగా వినిపించదు. "ఆయనకు గుండెకు బ్యాటరీ పెట్టారట" అంటారు, అదీ కాస్త గొంతు తగ్గించి. రెండున్నరేళ్ల క్రితం ఆ బ్యాటరీ నాకే పెట్టారు. గుండె పై గదులలో పుట్టిన విద్యుత్ సంకేతం కింది గదులకు చేరడం పూర్తిగా ఆగిపోవడంతో నాడి నిమిషానికి 34కు పడిపోయి, ఒకరోజు ఉదయం పెరట్లో మొక్కలకు నీళ్లు పోస్తూ అక్కడే కూలబడ్డాను. నాలుగో రోజుకల్లా ఎడమ భుజానికి దిగువన, ఛాతీ చర్మం కింద, చేతితో తడిమితే తెలిసేంత చిన్న పరికరంతో ఇంటికి వచ్చాను. పరామర్శకు వచ్చిన వాళ్లలో ఎక్కువమంది చెప్పిన మాట ఒక్కటే: ఇక ప్రయాణాలు కట్టిపెట్టండి.

ఏడాదిపాటు ఆ మాటే విన్నాను. నిరుడు వేసవిలో డల్లాస్‌లో ఉన్న మా అమ్మాయి రెండో కాన్పుకు వెళ్లవలసి వచ్చేసరికి మా ఆవిడ టికెట్లు కొనిపించింది కనుక కదిలాను; లేకపోతే ఇప్పటికీ గోదావరి గట్టు దాటి ఉండేవాడిని కాను. వెళ్లి నాలుగు నెలలుండి తిరిగి వచ్చాక, ఆ తరువాత మన దగ్గరే మరో రెండు మూడు ఊళ్లు తిరిగాక తేలిందేమిటంటే, నేను వణికిపోయిన చోట్ల వణకవలసినది దాదాపు ఏమీ లేదు. నిజంగా ఒళ్లు దగ్గర పెట్టుకోవలసిన చోట్ల గురించి మాత్రం పరామర్శకు వచ్చిన వారిలో ఒక్కరూ చెప్పలేదు.

నా భయాలన్నిటిలో పెద్దది విమానాశ్రయపు తనిఖీ. ఆ మెటల్ డిటెక్టర్ గుమ్మం దాటగానే పేస్‌మేకర్ ఆగిపోతుందని ఒక బంధువు ఎంతో నమ్మకంగా చెప్పి వెళ్లారు. అలా ఏమీ ఆగిపోదు. మామూలు నడకతో ఆ గుమ్మం దాటితే పరికరానికి ఏమీ కాదని మా కార్డియాలజిస్టు చెప్పారు. గుమ్మాన్ని ఆనుకుని నిలబడటం, అందులోనే ఆగి ఎవరితోనో మాట్లాడటం మాత్రం వద్దన్నారు. పెద్ద బట్టల దుకాణాల వాకిట్లో ఉండే దొంగతనాల నిరోధక గేట్లకూ ఇదే సూత్రం. మన దేశంలో అసలు సంగతి ఆ గుమ్మం తరువాత ఉంటుంది. గుమ్మం మోగినా మోగకపోయినా మనల్ని చిన్న పీట మీద నిలబెట్టి, చేతులు చాపించి, చేతి డిటెక్టర్‌తో ఒళ్లంతా తడుముతారు. దానిని ఛాతీ మీద అదేపనిగా తిప్పకూడదు, పరికరం మీద ఆపి ఉంచకూడదు. సి.ఐ.ఎస్.ఎఫ్. సిబ్బందిలో చాలామందికి తెలుగు రాదు కనుక నేను ఇంట్లో అద్దం ముందు రెండు హిందీ వాక్యాలు వల్లెవేసుకుని వెళ్లాను: "మేరే సీనే మే పేస్‌మేకర్ హై. హాథ్ సే చెక్ కర్ లీజియే" (నా ఛాతీలో పేస్‌మేకర్ ఉంది, చేత్తో తడిమి చూడండి). హైదరాబాదులో నా వరుస రాగానే, పీట ఎక్కక ముందే, పేస్‌మేకర్ వివరాలున్న కార్డు చూపించి ఆ మాట అన్నాను. ఆ కుర్రవాడు తల ఊపి, డిటెక్టర్ పక్కన పెట్టి, చేతులతో తడిమి చూసి, బోర్డింగ్ పాస్ మీద ముద్ర కొట్టి పంపించాడు. మొత్తం నిమిషం పట్టలేదు. నెల రోజుల నిద్ర పాడుచేసుకున్నది ఆ నిమిషం కోసమే.

అమెరికాలో పద్ధతి కొంచెం వేరు. పేస్‌మేకర్ ఉన్నవారు మెటల్ డిటెక్టర్ గుమ్మం గుండా వెళ్లవద్దని అక్కడి భద్రతా సంస్థ టి.ఎస్.ఎ. వారే చెబుతారు, ముందుగా చెబితే శరీరాన్ని మొత్తంగా చూసే స్కానర్‌లోకి గానీ, చేతి తనిఖీకి గానీ పంపుతారు. ఆ స్కానర్ వల్ల పరికరానికి హాని లేదు. అయితే అందులో రెండు చేతులూ తలపైకి ఎత్తి నిలబడాలి. పరికరం పెట్టించుకుని కొద్ది వారాలే అయినవారికి ఎడమ మోచేయి భుజం కంటే పైకి లేపవద్దని చెప్పి ఉంటారు కాబట్టి, వారు చేతి తనిఖీనే అడగడం మేలు. గుండెలోకి వేసిన తీగలు కుదురుకునే వరకు, అంటే సుమారు నాలుగు నుంచి ఆరు వారాలు, విమానంలో తల పైన ఉండే అరలోకి పెట్టె ఎత్తడం, రైలులో పై బెర్తు కడ్డీ పట్టుకుని ఎగబాకడం కూడా ఈ నిషేధంలోకే వస్తాయి.

అయస్కాంతం గురించిన భయం ఇంకా విచిత్రమైనది. నా మొదటి చెకింగ్ రోజున డాక్టరుగారే గుండ్రని అయస్కాంతం ఒకటి తీసి సరిగ్గా పరికరం మీద పెట్టారు! ఇ.సి.జి. కాగితం మీద నా గుండె ఒక్కసారిగా గడియారంలా, నిమిషానికి 85 చొప్పున, ఎక్కడా ఎగుడుదిగుడు లేకుండా కొట్టుకోసాగింది. అయస్కాంతం తగిలినప్పుడు పేస్‌మేకర్ గుండె సొంత లయను వినడం మానేసి, ముందే నిర్ణయించిన వేగంతో పని చేస్తుంది. తీసేయగానే మామూలు పద్ధతికి వస్తుంది. ఆ వేగాన్ని బట్టి బ్యాటరీ పరిస్థితిని కూడా అంచనా వేస్తారట. అంటే అయస్కాంతం ప్రాణం తీసే వస్తువేమీ కాదు, కానీ రోజంతా ఛాతీకి అంటించుకుని తిరగవలసిన వస్తువు కూడా కాదు. ఇక్కడే నేను తప్పు చేస్తూ వచ్చాను. ముప్పై ఏళ్లు బ్యాంకులో పని చేసినవాడిని, చొక్కా ఎడమ జేబులో పెన్ను, దాని పక్కన ఫోను ఉండటం నాకు అలవాటు. ప్రయాణంలో టికెట్టు, పాస్‌పోర్టు, ఫోను అన్నీ ఆ జేబులోకే చేరతాయి. ఫోనును పరికరానికి కనీసం 15 సెంటీమీటర్ల దూరంలో ఉంచాలి, కుడి చెవి దగ్గర పెట్టుకుని మాట్లాడాలి. ఐఫోన్ 12 మొదలుకుని వచ్చినవాటిలో అయస్కాంతాలు ఉంటాయి. వాటి విషయంలో ఆపిల్ సంస్థే 15 సెంటీమీటర్లు, వైర్ లేకుండా చార్జింగ్ చేస్తున్నప్పుడైతే 30 సెంటీమీటర్లు దూరం పాటించమంటుంది. మా అమ్మాయి ఫోను అదే రకం. మనవడు దానితో ఆడుకుంటూ నా గుండెల మీదే నిద్రపోయేవాడు. వాడిని కుడి వైపుకు మార్చడానికి మాకు వారం పట్టింది.

ఎవరూ హెచ్చరించని మరో వస్తువు కారు సీటు బెల్టు. మన కార్లలో డ్రైవరు కుడి వైపు కూర్చుంటాడు, బెల్టు అతని కుడి భుజం మీదుగా వస్తుంది. పెద్దవారని గౌరవంగా మనల్ని కూర్చోబెట్టే ముందు సీటు ఎడమ వైపుది. అక్కడ బెల్టు సరిగ్గా ఎడమ భుజం మీదుగా, పరికరం ఉన్న చోటనే ఒరుసుకుంటూ దిగుతుంది. విశాఖకు వెళ్లిన మొదటి ప్రయాణంలో తుని దాటేసరికి చర్మం మండింది. బెల్టు తీసేయడం మాత్రం దీనికి మందు కాదు. వెనుక సీటులో కుడి వైపు కూర్చుంటే బెల్టు కుడి భుజం మీద పడుతుంది. అలా వీలుకానప్పుడు మెత్తని తువ్వాలు మడిచి బెల్టు కింద పెట్టుకుంటాను. అమెరికా కార్లలో ఇదంతా తలకిందులవుతుంది కాబట్టి అక్కడ మాత్రం డ్రైవరు పక్క సీటే నాకు హాయి.

ఇంకొక ముచ్చట చెప్పాలి. డల్లాస్ నుంచి వచ్చాక మారేడుమిల్లి మీదుగా భద్రాచలం బస్సులో వెళ్లాం. రంపచోడవరం దాటాక ఘాట్ రోడ్డులో, గతుకులలో, కదలకుండా కూర్చున్నవాడిని కూర్చున్నట్టే ఉన్నా గుండె మెట్లెక్కుతున్నట్టు కొట్టుకోసాగింది. నాడి పట్టి చూసుకుంటే 90 దాటింది. మా ఆవిడ ముఖం తెల్లబడింది. తరువాత చెకింగ్‌లో టెక్నీషియన్ నవ్వుతూ విప్పి చెప్పాడు: చాలా పేస్‌మేకర్లలో శరీర కదలికను పసిగట్టే సెన్సర్ ఉంటుంది, మనిషి నడిచినప్పుడు అది గుండె వేగాన్ని పెంచుతుంది, గతుకుల బస్సు కుదుపులను కూడా అది నడకగానే భ్రమపడుతుంది. సెన్సర్ చురుకుదనాన్ని ఒక మెట్టు తగ్గించి పంపించాడు. ముందే తెలిసి ఉంటే చింతూరు దాకా అంత బిక్కుబిక్కుమంటూ కూర్చునేవాళ్లం కాము.

అలాగే ఈ పరికరాలు కొన్నిటిలో గడియారం ఉంటుంది. నాకు పగలు కనీస వేగం 60, రాత్రి 10 గంటల నుంచి ఉదయం 6 వరకు 50 అని పెట్టారు. వేసవిలో డల్లాస్ మనకంటే పదిన్నర గంటలు వెనుక ఉంటుంది. అంటే అక్కడ పట్టపగలు పదకొండున్నర నుంచి సాయంత్రం ఏడున్నర వరకు నా పరికరం రాజమండ్రిలో అర్ధరాత్రి అనుకుంటూ ఉంటుంది. నా గుండె పై గదుల సొంత లయ బాగానే ఉంది కనుక నాకు తేడా తెలియలేదు. లయ పుట్టే చోటే మందగించినవారికి మాత్రం పగటి పూట నీరసంగా అనిపించవచ్చు. నెలల తరబడి ఉండబోయేవారు బయలుదేరే ముందు చెకింగ్‌లో ఈ సంగతి అడిగితే రాత్రి అమరికను మార్చడమో, తీసేయడమో చేస్తారు.

బయలుదేరే ముందు చేయవలసిన పనుల్లో అన్నిటికంటే విలువైనది ఆ చెకింగే. బ్యాటరీ ఎన్నేళ్లు మిగిలిందో, తీగలు ఎలా ఉన్నాయో ముద్రించి ఇస్తారు; ఆ కాగితాన్ని వెంట ఉంచుకోవాలి. ఒక కంపెనీ పేస్‌మేకర్‌ను మరో కంపెనీ ప్రోగ్రామర్ (పరికరాన్ని బయటినుంచి చదివి అమరికలు మార్చే యంత్రం) చదవలేదన్న సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. కాబట్టి వెళ్లే ఊళ్లో పెద్ద ఆసుపత్రి ఉందా అన్నది ఒక్కటే చాలదు, మన కంపెనీ పరికరాన్ని చూసే కేంద్రం ఏదో కనుక్కోవాలి. ఎమ్మారై తీయవలసి వస్తే పరికరమే కాదు, తీగలు కూడా దానికి తగినవే అయి ఉండాలి. ఈ వివరాలన్నీ తేలేది మోడల్ నంబరు, సీరియల్ నంబరు, పెట్టిన తేదీ ఉన్న ఆ చిన్న కార్డులోనే. విదేశాలకు తీసుకునే బీమాలో ముందునుంచీ ఉన్న జబ్బుల గురించి రాసిన పేరాను పిల్లలకు వదిలేయకుండా మనమే చదువుకోవడం మంచిది. గుండెకు షాకిచ్చే ఐ.సి.డి. పెట్టించుకున్నవారి సంగతి వేరు. వాహనం నడపడం, అయస్కాంతం, ప్రతిదీ వారు తమ డాక్టరునే అడగాలి.

కార్డు విషయంలో నా తెలివితక్కువతనం కూడా ఒప్పుకోవాలి. డల్లాస్‌కు భద్రంగా పట్టుకెళ్లినవాడిని, ఇంటికి దగ్గరేగదా అని తిరుమల వెళ్లేటప్పుడు అసలు కార్డును బీరువాలో పెట్టి, ఫోనులో ఫొటో ఉంది చాలనుకున్నాను. మెట్ల దారి నాకు ఎటూ లేదు. అలిపిరి నుంచి 3,550 మెట్లు, గుండె జబ్బులున్నవారు నడకదారిని ఎంచుకోవద్దని దేవస్థానం వారే చెబుతుంటారు. బస్సులో కొండెక్కి, దర్శనానికి వెళ్లే ముందు అందరిలాగే ఫోను డిపాజిట్ చేసి లోపలికి నడిచాను. తనిఖీ దగ్గర డిటెక్టర్ నా వైపు రాగానే నోరు తెరిచాను గానీ చూపించడానికి చేతిలో ఏమీ లేదు. వెనుక వరుస ఒత్తుకొస్తోంది. చివరికి చొక్కా రెండు గుండీలు విప్పి మచ్చ చూపించాను. ఆ సిబ్బంది పెద్దమనిషి ఒక్కసారి చూసి, "మా నాన్నకూ ఉందండీ బ్యాటరీ, నడవండి" అని చేత్తో తడిమి పంపించాడు. ప్రతిచోటా అలాంటివాడే ఎదురుపడాలని లేదు.

ఈ పరికరం ప్రపంచంలో మొట్టమొదట శరీరం లోపల పెట్టించుకున్నది స్వీడన్‌కు చెందిన ఆర్నే లార్సన్, 1958 అక్టోబరులో. ఆ మొదటి పరికరం కొన్ని గంటలే పనిచేసింది. ఆయన ఆ తరువాత ఒకదాని వెంట ఒకటిగా మొత్తం 26 పేస్‌మేకర్లు మార్చుకుని, 86 ఏళ్లు బతికి 2001లో కన్నుమూశాడు. నాది మొదటిదే, బ్యాటరీ ఇంకా తొమ్మిదేళ్లు వస్తుందని మొన్నటి కాగితంలో ఉంది.

కార్తికంలో కాశీకి బుక్ చేశాం. కింది బెర్తులు రెండూ దొరికాయి. అక్కడ మా కంపెనీ పరికరాన్ని చూసే ఆసుపత్రి నంబరు ఒక కాగితం మీద రాసి, కార్డు నకలు రెండు తీసి ప్లాస్టిక్ కవరు వేయించాను. ఒకటి మా ఆవిడ పర్సులో ఉంటుంది, ఒకటి నా మందుల సంచిలో. అసలు కార్డు చొక్కా ఎడమ జేబులో, ఒకప్పుడు ఫోను ఉండే చోట.