ఫాంట్ పేరు కాదు, తెర మీద ఏ ఫాంట్ వస్తోందో చూడండి

లినక్స్‌లో తెలుగు సరిగ్గా కనబడట్లేదనగానే చాలామంది సెట్టింగ్స్‌లోకెళ్లి సైజు పెంచేస్తారు. ముందు తేల్చుకోవాల్సింది ఆ అక్షరాలు అసలు ఏ ఫాంట్ నుంచి వస్తున్నాయన్నది. మీరు ఎంచుకున్న ఫాంట్‌లో తెలుగు లేకపోతే సిస్టమ్ ఇంకో ఫాంట్‌ని చడీచప్పుడు లేకుండా తెచ్చి పెడుతుంది, మెనూలో మాత్రం మీరు పెట్టిన పేరే ఉంటుంది. లినక్స్‌లో తరచూ కనిపించే డెజావూ సాన్స్ అనే ఫాంట్‌లో తెలుగే లేదు, అయినా తెలుగు బాలేదని దాన్నే తిట్టేవాళ్లున్నారు.

ఈ సర్దుబాటంతా చేసేది ఫాంట్‌కాన్ఫిగ్ అనే సాఫ్ట్‌వేర్. టెర్మినల్‌లో ఎఫ్‌సి-మ్యాచ్ అనే కమాండ్‌కి సాన్స్-సెరిఫ్ (కొసల్లో గీతల్లేని మామూలు ఫాంట్ల రకం) అని, దాని పక్కన తెలుగు భాష కోడ్ (:lang=te) ఇచ్చి అడగండి, ముందు వరసలో ఏ ఫాంట్ ఉందో ఒక్క లైన్లో చెప్పేస్తుంది. అదే కోడ్‌తో ఎఫ్‌సి-లిస్ట్‌ని అడిగితే తెలుగు అక్షరాలున్న ఫాంట్లన్నీ వస్తాయి. కానీ ఈ జాబితాని పూర్తిగా నమ్మొద్దు. యూనికోడ్‌లో తెలుగుకి 128 స్థానాలు కేటాయించారు, వాటిలో ఒత్తులకి విడిగా చోటు లేదు. క, పొల్లు, ష వరసగా వస్తే క్ష అని కలపాలన్న నియమం ఫాంట్ ఫైల్లోనే ఉండాలి, దాన్ని చదివి అమలు చేసేది హార్ఫ్‌బజ్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్. అక్షరాలన్నీ ఉండి ఆ నియమాలు లేని ఫాంట్ కూడా జాబితాలోకి దర్జాగా వచ్చేస్తుంది.

అందుకే ప్రివ్యూలో అ ఆ ఇ ఈ చూసి నిర్ణయించుకోకండి. ఊర్ధ్వం, స్త్రీ, లక్ష్మి, రాష్ట్రం, జ్ఞానం, ఇలాంటివి పెట్టి చూడండి. పాంగో-వ్యూ అనే చిన్న ప్రోగ్రాముకి ఫాంట్ పేరూ మీ వాక్యమూ ఇచ్చి, వాటర్‌ఫాల్ ఆప్షన్ జోడిస్తే అదే వాక్యాన్ని రకరకాల సైజుల్లో చూపిస్తుంది, నాకు దీన్ని మించింది కనబడలేదు. రెండు లైన్లు ఇవ్వడం మర్చిపోవద్దు, పై లైను ఒత్తులు కింది లైను గుడుల్ని తాకుతున్నాయో లేదో అప్పుడే తెలుస్తుంది. పెద్ద సైజులో మురిపించిన ఫాంట్ పదకొండు పాయింట్లకి దిగేసరికి ముద్దగా అయిపోవచ్చు. రామభద్ర లాంటి లావుపాటి ఫాంట్ శీర్షికలకి బాగుంటుంది, రోజంతా చదవడానికి మాత్రం మండలి గానీ నోటో సాన్స్ తెలుగు గానీ పెట్టుకోవాలనేది నా మాట.

కొత్త ఫాంట్‌ని హోమ్ ఫోల్డర్లో డాట్ లోకల్, షేర్, ఫాంట్స్ అనే చోట వేసి ఎఫ్‌సి-క్యాష్ కమాండ్ నడిపితే చాలు, రూట్ పాస్‌వర్డ్‌తో పనే లేదు. తర్వాత డాట్ కాన్ఫిగ్‌లోని ఫాంట్‌కాన్ఫిగ్ ఫోల్డర్లో ఫాంట్స్ డాట్ కాన్ఫ్ తెరిచి, సాన్స్-సెరిఫ్‌కి మీ ఇష్టం చెప్పండి. ఇక్కడ వరస ముఖ్యం. తెలుగు ఫాంట్లు చాలావాటిలో ఇంగ్లీషు అక్షరాలూ ఉంటాయి కాబట్టి తెలుగుదాన్ని ముందు పెడితే ఇంగ్లీషు కూడా అందులోంచే వచ్చేస్తుంది. ముందు మీకు నచ్చిన ఇంగ్లీషు ఫాంట్, దాని కింద తెలుగుది రాయండి. హింటింగ్‌ని, అంటే అక్షరాల గీతల్ని తెర చుక్కలకి తగ్గట్టు సర్దే సెట్టింగ్‌ని, స్లైట్‌లో ఉంచండి, అది అక్షరాన్ని నిలువుగా మాత్రమే సర్దుతుంది, మన గుండ్రటి అక్షరాల వెడల్పు జోలికి పోదు. ఫుల్ పెడితే వంపులు మొద్దుబారే ప్రమాదం ఉంది.

మార్చాక తెరిచి ఉన్న ప్రోగ్రాముల్ని మూసి మళ్లీ తెరవండి. ఫైర్‌ఫాక్స్‌లో తెలుగుకి విడిగా ఫాంట్ సెట్టింగ్ ఉంటుంది, లిబ్రెఆఫీస్‌లో తెలుగు లాంటి లిపుల ఫాంట్‌ని సీటీఎల్ (కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్) కింద వేరుగా ఎంచుకోవాలి, ఆ రెండూ ఒకసారి చూసుకోండి.