ట్రాక్ నుంచి రగ్బీ సెవెన్స్‌లోకి: నా అనుభవం

డిగ్రీ రెండో ఏడు దాకా నాకు నాలుగు వందల మీటర్ల పరుగు తప్ప వేరే ధ్యాస లేదు. హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం (జేఎన్ఎస్) సింథటిక్ ట్రాక్ మీద పొద్దునా సాయంత్రం అదే పని. టైమింగ్ ఒకచోట ఆగిపోయి ఎంతకీ తగ్గకపోవడంతో, రాష్ట్ర రగ్బీ జట్టుకు సెలక్షన్స్ పెడుతున్నారని తెలిసి వెళ్లాను. ఇప్పుడు అథ్లెటిక్స్ నుంచి, కబడ్డీ నుంచి ఇటు రావాలనుకునే పిల్లలు "అక్కా, స్పీడుంటే చాలా?" అని అడుగుతుంటారు. వాళ్ల కోసమే ఇది.

స్పీడుంటే రానిస్తారు, అది నిజం. పదిహేను మంది ఆడే రగ్బీకి ఎంత మైదానమో సెవెన్స్‌కీ అంతే. 100 మీటర్ల పొడవు, 70 మీటర్ల వెడల్పు, జట్టుకి ఏడుగురు. బంతి పట్టుకుని ఒకరిని దాటితే ముందంతా ఖాళీ. అమెరికా స్ప్రింటర్ కార్లిన్ ఐల్స్ 2012లో ట్రాక్ వదిలి ఈ ఆటలోకి వచ్చి ఒలింపిక్స్ ఆడాడు. న్యూజిలాండ్ అమ్మాయి పోర్షియా వుడ్‌మన్ నెట్‌బాల్ నుంచి వచ్చి రియోలో రజతం, టోక్యోలో, పారిస్‌లో స్వర్ణం గెలిచింది. సెలక్షన్స్‌కి వెళ్లేటప్పుడు నా ధైర్యమంతా వీళ్లే.

మొదట పెట్టింది బ్రాంకో టెస్టు. 20 మీటర్లు వెళ్లి రావాలి, 40 వెళ్లి రావాలి, 60 వెళ్లి రావాలి. అదొక సెట్. ఆగకుండా అయిదు సెట్లు, మొత్తం 1200 మీటర్లు. 400 పరుగెత్తేవాళ్లకి ఊపిరి ఎలాగో సరిపోతుంది, మలుపుల దగ్గరే తొడలు పట్టేస్తాయి. ప్రతి గీత దగ్గరా ఆగి, వంగి, తిరిగి మళ్లీ మొదటి నుంచి వేగం అందుకోవాలి. ట్రాక్ మీద ఆ అలవాటు ఉండదు. వెళ్లే ముందే మలుపులు సాధన చేసి వెళ్లండి.

అసలు పరీక్ష కాంటాక్ట్ సెషన్లలో, అంటే ఒకరినొకరు ఢీకొనే సాధనలో మొదలవుతుంది. మౌత్‌గార్డును వేడి నీళ్లలో ముంచి, మెత్తబడ్డాక పళ్లకి పెట్టుకుని కొరకాలి. పై నుంచి పెదాల మీద వేళ్లతో నొక్కుతూ, లోపల నాలుకతో అదమాలి. చల్లారేసరికి మన పళ్ల అచ్చు పడుతుంది. నోరు తెరిచినా జారకూడదు, జారితే మళ్లీ వేడి నీళ్లే. తర్వాత ట్యాకిల్, అంటే బంతితో వచ్చే మనిషిని పట్టుకుని పడేయడం. ముందు ఇద్దరూ మోకాళ్ల మీద కూర్చుని, ఆపైన నడుస్తూ, చివరికి పరుగులో. భుజం ఎదుటి మనిషి తొడకి తగలాలి, చెంప పిరుదుకి ఆనాలి, రెండు చేతులూ చుట్టి బిగించాలి. మన తల మాత్రం ఆ మనిషి వెనకవైపే ఉండాలి. ముందుకి పెడితే తన మోకాలు మన కణతకి తగులుతుంది. కబడ్డీ పిల్లలకి ఈ పట్టు తొందరగా వచ్చేస్తుంది, మీద పడటానికి వాళ్లు జంకరు. ఎనిమిదేళ్లు నా లేన్‌లో నేనొక్కదాన్నే పరుగెత్తినదాన్ని, ఎదురుగా వచ్చే మనిషి మీదికి వెళ్లడానికి నా ఒళ్లు చాలాకాలం ఒప్పుకోలేదు.

అది కుదిరాక అర్థమైంది, ఈ ఆటలో అన్నిటికన్నా ముఖ్యమైనది లేవడమని. ట్యాకిల్ చేసినవాళ్లు పట్టు వెంటనే వదిలేయాలి, లేచి నిలబడ్డాకే బంతి మీద చెయ్యి వేయాలి. లేకపోతే పెనాల్టీ. అంతకన్నా పెద్ద నష్టం ఇంకొకటుంది. నేను నేల మీద ఉన్నంతసేపూ 70 మీటర్ల వెడల్పుని ఆరుగురే కాయాలి. అందుకే మా సార్ "పడుకున్నోళ్లు లెక్కలో లేరమ్మా, లే!" అని అరిచేవారు. ఛాతీ నేలకి ఆనేలా పడి, విజిల్ వినగానే లేచి, వెనక్కి పరుగెత్తి డిఫెన్స్ లైనులో నిలబడటం. ప్రాక్టీసు చివర్లో, కాళ్లు సహకరించనప్పుడే ఇది చేయించేవారు. మ్యాచ్ ఏడేసి నిమిషాల రెండు సగాలే కదా అనిపిస్తుంది కానీ, అలాంటి మ్యాచ్‌లు ఒకే రోజు రెండు మూడు పడతాయి. మూడో మ్యాచ్ రెండో సగంలో ఎవరు ముందు లేస్తారన్నదాని మీదే స్కోరు తేలిపోవడం నేను చాలాసార్లు చూశాను.

నేషనల్స్ ఆడాక భారత జట్టు ప్రాబబుల్స్ (తుది జట్టు కోసం పరిశీలించేవాళ్ల) క్యాంపుకి పిలుపు వచ్చింది. 2022లో జకార్తాలో ఆసియా సెవెన్స్ ట్రోఫీలో మన అమ్మాయిలు రజతం తెచ్చిన తర్వాత అక్కడ పోటీ బాగా పెరిగింది. రాత్రిళ్లు అంతర్జాతీయ మ్యాచ్‌ల వీడియోలు వేసి, ట్యాకిల్ జరిగిన చోట ఆపి, బంతిని కాకుండా, పడిన మనిషినే చూడమనేవారు. పెద్ద జట్లలో ఆ మనిషి మనం ఊపిరి పీల్చుకునేలోపే కాళ్ల మీద ఉంటుంది. తుది పన్నెండు మందిలో నా పేరు రాలేదు. ఏడుపొచ్చింది, దాచుకోలేదు కూడా.

ఇంట్లోవాళ్లు అడిగే ప్రశ్న ఒకటుంది, ఇందులో బతుకుతెరువు ఏముందని. కేంద్ర ఉద్యోగాల స్పోర్ట్స్ కోటా జాబితాలో 2020లో రగ్బీని చేర్చారు. అర్హత నిబంధనలు ముందే చదువుకుని, నేషనల్స్ సర్టిఫికెట్లు జాగ్రత్త చేసుకోండి. 2025లో ముంబైలో జరిగిన మగవాళ్ల రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో హైదరాబాద్ హీరోస్ ఆడిన దగ్గర్నుంచి మా వాడలో ఈ ఆట పేరు విడమరచి చెప్పాల్సిన పని తప్పింది. ఆడపిల్లలకీ అలాంటి లీగ్ కావాలి, త్వరగా కావాలి.

ఈ ఏడు నన్ను మైదానం అంచున ఆడే వింగ్ నుంచి స్వీపర్‌కి మార్చారు. డిఫెన్స్ లైనుని ఎవరైనా ఛేదించుకు వస్తే వెనకనుంచి ఆపేది నేనే. నా నాలుగు వందల పరుగు ఇక్కడ బాగా పనికొస్తోంది. క్యాంపు సెలక్షన్స్ పెడితే మళ్లీ వెళ్తున్నాను.