నూనె ఎక్కువై ఆగిన కుట్టు మిషన్

అమ్మ కుట్టు మిషన్ ఆరేళ్లుగా మూలనే ఉంది. ఈమధ్య కవర్ తీసి చక్రం తిప్పబోతే కదల్లేదు. రెండు చేతులతో గట్టిగా పట్టి తిప్పితే కిర్రుమంటూ పావు చుట్టు తిరిగి ఆగింది. అప్పుడు నేను చేసిన పని తలచుకుంటే ఇప్పటికీ సిగ్గే. కనిపించిన ప్రతి రంధ్రంలోనూ, ప్రతి ఇనప ముక్క మీదా నూనె పోశాను. బెల్టు తిరిగే గాడిని కూడా వదల్లేదు.

కాసేపటికి చక్రం కొంచెం వదులైంది. సంబరంగా కూర్చుని తొక్కితే కింది చక్రం గిరగిరా తిరుగుతోంది, పైచక్రం ఉలకదు పలకదు. బెల్టు జారిపోతోంది!

అసలు జబ్బు వేరే ఉందని పక్క మూత తీశాక తెలిసింది. లోపల ఇరుసుల చుట్టూ పసుపచ్చటి జిగురు, గోరుతో గీకితే వార్నిష్‌లా పెళ్లలు ఊడుతోంది. ఎప్పుడో చేతికందిన వంటనూనె వేసినట్టున్నాం. అలాంటి నూనెల్లో చాలావాటికి గాలి తగిలితే ఏళ్ల మీద చిక్కబడి గట్టిపడే గుణం ఉంది. జారడానికి వేసిందే అంటించేసింది. దాని మీద ఎంత కొత్త నూనె పోసినా పైపైనే ఉంటుంది.

కిటికీలు తెరిచి, పొయ్యికి దూరంగా పెట్టుకుని, పాత టూత్‌బ్రష్‌తో కిరోసిన్ పట్టించి రాత్రంతా వదిలేశాను. పొద్దున తుడిస్తే గుడ్డ నిండా నల్లటి మడ్డి. కింది దారాన్ని పట్టి తిరిగే షటిల్ విప్పితే దారం ముక్కలు, నూగు కలిసి ఉండకట్టి ఉన్నాయి. పట్టకారుతో లాగడానికే గంట పట్టింది. కిరోసిన్ కడగడానికే పనికొస్తుంది, అదే నూనె అనుకుని వదిలేస్తే ఆరిపోయాక ఇనుము ఇనుమునే రాసుకుంటుంది. అందుకని పూర్తిగా తుడిచి, పల్చటి మిషన్ ఆయిల్ రంధ్రానికి ఒకటి రెండు చుక్కలు వేసి, చక్రం చేత్తో తిప్పుతూ పోయాను.

ఇంత బరువు ఇరుసుకి రెండు చుక్కలేం సరిపోతాయని నాకు నమ్మకం కుదరలేదు. తర్వాత ఒక ముచ్చట చదివాను. 1880లలో ఇంగ్లండ్‌లో బీచమ్ టవర్ అనే ఇంజనీరు, అడుగు నూనెలో మునిగి తిరిగే ఇరుసు మీద బేరింగు పెట్టి పరీక్షిస్తూ, నూనె పోయడానికని బేరింగు పైభాగంలో రంధ్రం చేశాడు. పోసే పని లేకుండా నూనే పైకి ఉబికి వచ్చింది. బిరడా కొడితే దాన్నీ తన్నేసింది. ఇరుసు తిరుగుతూ నూనెను సన్నటి సందులోకి లాక్కుంటుంది, అక్కడ పుట్టే ఒత్తిడే బరువును మోస్తుంది. ఆ లెక్కను 1886లో ఆస్బోర్న్ రేనాల్డ్స్ అనే శాస్త్రవేత్త తేల్చాడు. సందు నిండితే చాలన్నమాట. ఎక్కువైంది బట్ట మీద మరకే అవుతుంది.

ఇక బెల్టు సంగతి. అక్కడ కావాల్సిందే రాపిడి. తోలు బెల్టు నూనె పీల్చేసుకుంది కాబట్టి మార్చక తప్పలేదు. గాడిని పొడిగుడ్డతో, తర్వాత స్పిరిట్‌తో తుడిచాను. దారాన్ని బిగువుగా పట్టే బిళ్లల మధ్యా నూనె చేరింది, అందుకే కుట్టు కింద దారం ఉచ్చులు ఉచ్చులుగా పడుతోంది. మడిచిన గుడ్డపేలిక వాటి మధ్య దూర్చి అటూ ఇటూ లాగితే శుభ్రపడ్డాయి. బట్టను ముందుకు నడిపే పళ్లూ అంతే, వాటి మొనల మీద చుక్క కూడా ఉండకూడదు.

పనికిరాని గుడ్డ మీద ముందు మూరెడు కుట్టాను. నూనె మచ్చలు పడ్డాయి, క్రమంగా తగ్గాయి. తొక్కుడు పలక కీలు దగ్గర మాత్రం ఇంకా కిచకిచమంటోంది. మెల్లగా ఊగే చోటు, పల్చటి నూనె కారిపోతోంది. రేపు అక్కడ గ్రీజు పెట్టి చూడాలి.